మూడో వరసలో అత్త

పాత పాటల వీడియోలకు మెరుగులు దిద్దే గదిలో మేనల్లుడు తెర మీద బొమ్మ ఆపాడు. మామ కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగాడు.

“ఇదిగో మామయ్యా, గుంపు డాన్సులో మూడో వరసలో అత్త. వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.”

“ఎవర్రా ఈవిడ?”

“అత్తే! నువ్విచ్చిన క్యాసెట్లో మొహం బియ్యపుగింజంత ఉంది, అదీ మసక. మిగతాది మిషను ఊహించి నింపింది.”

“మీ అత్తకి ముందు పన్ను సగం విరిగుండేది. బతికుండగా నేను కట్టించలేదు. చచ్చాక నీ మిషను కట్టించిందన్నమాట. ఇంట్లో ఒక్క ఫొటో లేదనిరా నీ దగ్గరికొచ్చింది!”

“అరిగిపోయిన క్యాసెట్ ఇస్తే నేనేం చేయను? పాట తీసిన స్టూడియోలో అసలు టేపు ఉండాలిగా?”

“దాని మీద ఇంకో పాట ఎక్కించేశారు.”

“అసలు టేపు మీదా? ఏ బుద్ధిలేనివాడు చేశాడా పని?”

“అప్పట్లో అక్కడ టేపులు చూసుకునేది నేనేగా. కొత్త టేపు దండగన్నాను. గుంపులో ఎగిరేవాళ్లని మళ్లీ ఎవడు చూస్తాడన్నాను. మీ అత్త పక్కనే ఉంది.”

“ఏమంది?”

“నవ్వింది. ఆ విరిగిన పన్నుతోనే.”

మేనల్లుడు తెర ఆపేశాడు.

“ఆ టేపు ఇప్పుడుందా మామయ్యా?”

“ఉంది. పైన ఎక్కించిన పాట అద్దంలా ఉందిరా. ఒక్క గీత లేదు.”