ఎడమచేతి వాటం

బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే ఆవిడ పరిశోధకురాలి గదిలోకి వస్తూనే తలుపు గడియ పెట్టింది.

“నా పేరు బయటికి రాదని ఒట్టేశావు కదా తల్లీ?”

“రాలేదక్కా! నాతో మాట్లాడిన పన్నెండు మందికీ పేర్లు మార్చాకే రిపోర్టు అచ్చు వేయించాను.”

“మార్చావులే. ‘పనివేళల్లో తలుపులకు తాళం వేస్తారని ఎడమచేత్తో కత్తెర పట్టే ఒకామె చెప్పింది’ అని రాశావు. ఫ్యాక్టరీ మొత్తానికి ఎడమచేతి వాటం నాకొక్కదానికే.”

పరిశోధకురాలు కళ్లకు కట్టినట్టు ఉండాలని మురిసిపోతూ రాసిన వాక్యం అది.

“మేనేజరు చదివాడా?”

“పొద్దున నా బల్ల దగ్గరికొచ్చాడు.”

“తిట్టాడా?”

“తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. నవ్వుతూ ఎడమచెయ్యి చాపి, ‘బాగా చెప్పావమ్మా’ అని షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.”

“తప్పు నాదే అక్కా. నేనొచ్చి మాట్లాడతాను.”

“చేసింది చాల్లే! మిగతా పదకొండు మంది గురించి ఏం రాశావో చూడు ముందు.”

పరిశోధకురాలు రిపోర్టు తెరిచింది. రెండో పేజీలోనే నత్తిగా మాట్లాడే గేటు కాపలాదారు కనిపించాడు. మూడో పేజీ తిప్పడానికి ఆమెకు చేతులు రాలేదు.