నలభై ఒకటో జత

పిల్లల వార్డు వెనక ల్యాబ్ గది. ఫ్రిజ్ తలుపు మూసే ఉంది, డాక్టరమ్మ నోరే తెరిచి ఉంది. నర్సు సంచీ భుజాన వేసుకుని, ఒక కాలు అప్పుడే గడప దాటించి నిలబడింది.

“సంచీ దించు. నలభై ఒకటి సంగతి తేలందే కదిలేది లేదు.”

“మీకు దండం పెడతాను మేడమ్. పాపకి పొద్దున్నించీ వాంతులు, విరేచనాలు. మా అత్తయ్య మూడుసార్లు ఫోన్ చేసింది. కళ్లు తేలేస్తోందట.”

“పళ్లొస్తున్నాయేమోలే. ఇది చూడు. నా పరిశోధనలో నలభై మంది పిల్లలకి లెక్క కలిసింది. మలద్వారంలో దూదిపుల్ల తిప్పి తీసినదాంట్లో వైరస్ ఉంటే డబ్బాలో పట్టిన మోషన్‌లోనూ ఉంది, లేకపోతే రెండింట్లోనూ లేదు. ఈ ఒక్క పిల్లాడికి పుల్లలో సున్నా, డబ్బాలో కుప్పలు. ఎలా?”

“ఏమో మేడమ్... పుల్ల సరిగ్గా తిరగలేదేమో.”

“తిప్పింది నేను.”

“అయితే డబ్బా...”

“డబ్బా తెచ్చింది నువ్వు. నీళ్లు నమలకు. మారిందా, మార్చావా?”

“వాడికి మోషన్ అవలేదు మేడమ్. సోమవారం సాయంత్రం దాకా డైపరు విప్పి చూస్తూనే ఉన్నా. తగ్గిపోయిందని వాళ్లమ్మ ఇంటికి తీసుకుపోయింది. పుల్లకి జత డబ్బా లేకుండా మొహం చూపించొద్దన్నారు మీరు.”

“అన్నాను. తర్వాత?”

“మా పాప డైపర్లోంచి తీసుకొచ్చా. అప్పుడు గెంతుతూ ఆడుకుంటోంది మేడమ్, కనీసం జలుబైనా లేదు. వాడికెలాగూ తగ్గింది, దీనికి ఏ రోగమూ లేదు, రెండింట్లోనూ ఏమీ రాదు, ఎవరికీ తెలీదు అనుకున్నా.”

“నెలలెన్ని?”

“పదకొండు... ఆగండి. డబ్బాలో కుప్పలన్నారు.”

“అన్నాను.”

“అంటే సోమవారానికే దానికి... ఇక్కణ్నుంచి నేనే మోసుకెళ్లానా? ఈ చేతులతోనే?”

“చేతులు కడుక్కోమని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది.”

“గుక్కెడు నీళ్లు కూడా నిలవట్లేదంటోంది అత్తయ్య. నన్ను పంపండి మేడమ్. ఉద్యోగం తీసేయండి, ఏమన్నా చేసుకోండి, పంపండి.”

“ఉద్యోగం ఎందుకు తీస్తాను? పరిగెత్తు. పాపని తిన్నగా ఇక్కడికే తీసుకురా.”

“మీ మేలు ఈ జన్మలో మర్చిపోను.”

“ఇదిగో, రాగానే సెలైన్ సెలైన్ అని గోల చెయ్యకు. ముందు పుల్ల, తర్వాత డబ్బా, ఆ తర్వాతే సెలైన్. నలభై రెండో జత. ఈసారైనా రెండూ ఒకే పిల్లవి కావాలి.”