మేడ మీది కండక్టరమ్మ

అమ్మలారా, అయ్యలారా, ఇన్ని మెట్లెక్కి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళారా,

ఇంతమందిమి ఈ మేడ మీద చేరి ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఇదే మొదలు. ఆవిడే ఉంటే "ముందుకు జరగండి, ముందంతా ఖాళీయే" అని ఈపాటికి కసిరేది. ముప్ఫై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మన కండక్టరమ్మ పోయి వారమైంది. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

నేను వాచీలు బాగుచేసేవాణ్ణి. ఐదో అంతస్తులో, సరిగ్గా ఈ తోట కింద ఉంటాను. తెల్లవారుజామున నేను సగం నిద్రలో ఉండగా ఆవిడ అడుగులు నా కప్పు మీద మెల్లగా నడిచేవి. చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు. నా మంచం చుట్టూ ఆకులు మొలుస్తున్నట్టు కల వచ్చేది. మొన్న కూడా వచ్చింది. లేచి వింటే పైన ఎవరూ లేరు.

మొదట్లో ఇక్కడ ఏముందండీ? విరిగిన కుర్చీలు, పగిలిన సింకులు. రిటైరైన మర్నాడే ఆవిడ ఆ సింకుల్లో మట్టి నింపింది. బస్సులో సీట్లు చూపించినట్టు ఇంటికో తొట్టి చూపించింది. షరతు ఒకటే. "ఎవరు నాటింది వాళ్ళు కోసుకోకూడదు. పక్కవాళ్ళది అడిగి కోసుకోవాలి." ఇదెక్కడి చోద్యం అని నవ్వుకున్నాం. మరి ఏమైంది? ఒక గోడ గురించి ఆరేళ్ళు మాటల్లేని రెండో అంతస్తు అన్నదమ్ములకి పక్కపక్క తొట్లు ఇచ్చింది. అన్నది వంగ, తమ్ముడిది టమాటా. కాయలు ముదిరిపోతున్నాయి, పంతం వీడదు. చివరికి తమ్ముడే వెళ్ళి తలుపు కొట్టి, "అన్నయ్యా, నాలుగు వంకాయలు" అన్నాడట. ఆ పూట వేపుడు వాసన ఐదో అంతస్తు దాకా వచ్చింది.

ఇక నా సంగతి. పోయిన వేసవిలో నా గది కప్పు చెమ్మగిల్లింది. తోట నీళ్ళే అని సంఘానికి అర్జీ రాశాను. మీలో చాలామంది సంతకాలు పెట్టారు. ఆవిడ కోప్పడలేదు. మా ఇంటికొచ్చి కప్పు వంక చాలాసేపు చూసి, "మీకు ఇంట్లోనే మబ్బు దొరికింది తమ్ముడూ" అంది. నా గది మీదున్న తొట్లన్నీ ఒక్కతే అవతలికి జరిపింది. డెబ్బై ఏళ్ళ మనిషి. నెల తిరిగింది. పైన నేల ఎండింది, నా కప్పు ఎండలేదు. ప్లంబరు వచ్చి గోడ తవ్వితే, కారుతున్నది ట్యాంకు నుంచి నేను చవగ్గా వేయించుకున్న నా సొంత పైపు.

ఇది ప్లంబరుకి, ఆవిడకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. పైపు మార్పించుకున్నాను. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఎందుకు? సిగ్గు. నలుగురిలో తలెత్తుకోలేనని భయం. ఆవిడ కూడా ఎక్కడా నోరు విప్పలేదు. "మీరు చెప్పుకోవలసింది నేనెందుకు చెప్తాను" అంది, అంతే. ఆ అర్జీ మీదే వచ్చే ఆదివారం ఈ తోట ఉంచాలా తీసేయాలా అని మనం చేతులెత్తబోతున్నాం.

ఆవిడ వినేలా ఈ మాట చెప్పడానికి నాకు ఏడాది టైము దొరికింది. చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నాను. నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి, ఆ గోడ చూడాలనుకున్నవాళ్ళు మా ఇంటికి రండి. తోటని మాత్రం ఏమీ అనకండి.

ఇక అందరం లేచి నిలబడదాం. ఏడాదిపాటు నేను నోరు మూసుకున్నది పిరికితనంతో. ఈ రెండు నిమిషాలు ఆవిడ కోసం.