బానెట్టు మీద బాండీ

“నా బాండీ ఏదీ? గారెల బాండీ ఎవరు పట్టుకెళ్ళారో మర్యాదగా తెచ్చివ్వండి!”

అదీ ఆరోజు మీ పిన్ని వీధి ఆ చివర్నించి వేసిన కేక. నువ్వేమో “కారు మీద ఆ బుడిపేంటి మీరా బాబాయ్” అని చిన్నగా అడిగావు గానీ అమ్మాయ్, దాని సంగతి ఆ కేకతోనే మొదలెట్టాలి. ఫోన్లో రికార్డింగ్ పెట్టావా? ఆ, అయితే విను. అప్పుడు నేనూ నాగేశ్వర్రావూ షెడ్డులో ఉన్నాం. నాగేశ్వర్రావంటే మెకానిక్కు, మన జగ్గయ్యపేట హైవే పక్కన రేకుల షెడ్డు, చూసావుగా. కేక వినపడగానే గ్రైండర్ ఆపేసి నా మొహంలోకి చూసాడు. బాండీ అప్పటికే రెండు ముక్కలు.

ఉండు, ముందునించి చెప్తా. ఈ నల్ల కాంటెస్సా కారు అసలు నాది కాదు. నందిగామలో మా సైదులు బావది, అంటే మా అక్క మొగుడు. మిరపకాయల వ్యాపారం కలిసొచ్చిన రోజుల్లో కొన్నాడు. అప్పట్లో పెట్రోలు లీటరు ఇప్పటి మంచినీళ్ళ సీసా అంత కూడా ఉండేది కాదులే. దాని డ్రైవర్ని నేనే. తొమ్మిదో తరగతితో బడి మానేసి స్టీరింగు పట్టుకున్నోణ్ణి కదా, నాకు అదే కాలేజీ. ఆ బండి కంచికచర్ల సెంటర్లోంచి పోతుంటే ఎవరో మినిస్టరు అనుకుని జనం పక్కకి జరిగేవాళ్ళమ్మా! లోపల చూస్తే ఏముందీ, వెనక సీట్లో శాంపిలు మిరపకాయల సంచులు, ముందు సీట్లో బావ తుమ్ములు.

ఏం చెప్తున్నా? ఆ, ఇంజను. ఒకరోజు అది పట్టేసి, కదలకుండా ఆగిపోయింది. బండి ఏళ్ళ తరబడి బావ వాకిట్లోనే పడుంది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. ఇంతలో బావ కూతురు రేష్మా పెళ్లి కుదిరింది. పందిరి వెయ్యాలి, వాకిలి ఖాళీ చెయ్యాలి. బావ పాత ఇనప సామాన్ల కాసింని పిలిచాడు. ఆయన కారు చుట్టూ తిరిగి, తట్టి చూసి, “తూకానికి తీసుకుంటా, ఇక్కడే కోసి పట్టుకెళ్తా” అన్నాడంట. అక్క ఫోన్లో ఆ మాట చెప్పగానే తింటున్న కంచం వదిలేసానమ్మా. పరిగెత్తా నందిగామ.

“బావా, నాకియ్యి. నడిపిస్తా.”

“దాని గుండె ఆగిపోయింది బామ్మర్దీ.”

“కొత్త గుండె పెడతా.”

“అయితే ఒక మాట. పెళ్లి రోజు భోజనాల వేళకి అది తన కాళ్ళ మీద నా గుమ్మం ముందుకొస్తే నీది. రాలేదా, కాసింకి పోద్ది. మాటంటే మాటే.”

అక్క వంటింట్లోంచి “మా తమ్ముడు తెస్తాడు” అంది. బావ పకపకా నవ్వి, “ఆర్టీసీ బస్సు పైనేసి తెస్తాడేమో కనుక్కో” అన్నాడు. అట్లాంటి మనిషాయన.

బండిని లారీకెక్కించి నాగేశ్వర్రావు షెడ్డుకి తెచ్చా. ఇక ఇంజను. మన సున్నపురాయి క్వారీలో ఒక పెద్ద జీపు బోల్తా పడి బాడీ అప్పడం అయిపోయింది గానీ, లోపల డీజిల్ ఇంజను గుర్రంలా ఉంది. దాన్ని తెచ్చాం. పాత దానికన్నా ఎంత పెద్దదంటే, చైన్ కప్పీతో దించుతుంటే నాగేశ్వర్రావు “అన్నా, ఇది ఇంజన్లో కారు పెట్టినట్టుంది” అన్నాడు. ఇంజను కూర్చునే దిమ్మలు కోసి మళ్ళీ వెల్డింగు చేసాం, షాఫ్టు లేత్ మిషను దగ్గరికి తీసుకెళ్ళి పొట్టి చేయించాం, ఆర్టీవో ఆఫీసులో కాయితాలు మార్పించాం. అంతా అయ్యాక బానెట్టు మూద్దామంటే మూసుకోదే! గాలి గొట్టం పైకి పొడుచుకొచ్చింది.

“బానెట్టుకి చిల్లి పెట్టి, పైన గుండ్రంగా ఇనప మూతేదన్నా వేస్తే సరి” అన్నాడు నాగేశ్వర్రావు. నాకు టక్కున మీ పిన్ని బాండీ మెదిలింది. ఏం చెప్పమంటావు, సగానికి కోసి పెడితే కొలిచి చేయించినట్టు అతికింది. ముందుకి నోరు తెరుచుకుని, గాలి మింగుతా. ఒక చెవి కూడా ఉంచాం, బానెట్టు ఎత్తటానికి వీలుగా ఉంటదని.

ఆ చెవి చూసే గుర్తుపట్టింది మీ పిన్ని. కేకలేసుకుంటా షెడ్డుదాకా వచ్చిందిగా. తిట్టుద్దనుకున్నా. తిట్టలా. “అది మా అమ్మ ఇచ్చింది” అంది. అంతే. ఇక ఆరోజు నించి పెళ్లి దాకా నాతో మాట్లాడితే ఒట్టు. కూరలో ఉప్పుని బట్టి ఆవిడ మనసు తెలుసుకునేవాణ్ణి.

పెళ్లి రోజు బయల్దేరాం. నాగేశ్వర్రావు ముందు, మీ పిన్ని వెనక, మొహం కిటికీ వైపు. తాళం తిప్పగానే వీధిలో తలుపులన్నీ గడగడలాడినయ్. ఇక హైవే ఎక్కిందంటే, అబ్బ! గాలే అమ్మాయ్, గాలి!

చిల్లకల్లు టోల్‌గేటు ఇవతల రోడ్డు పక్కన ఒక వ్యాను ఆగుంది. ఒకాయన గరిటె ఊపుతున్నాడు. ఎవరా అని చూస్తే మన పెళ్లి వంటాయన బాషా! బావకి జగ్గయ్యపేటలో ఈయన చేతి బిర్యానీ అయితేనే నచ్చుద్ది, ఇక్కడే వండించి తెప్పించుకుంటున్నాడు. బిర్యానీ డేగిసాలు, ఆ పెద్ద పెద్ద గిన్నెలన్నీ ఆ వ్యాన్లోనే.

“మీరా అన్నా, బండి చచ్చింది! అక్కడ జనం చేతులు కడుక్కుని కూర్చుంటారు!”

నాగేశ్వర్రావు వంగి చూసి పెదవి విరిచాడు. నన్ను పక్కకి లాగి, “వ్యాను డీజిల్ పంపు పోయింది, ఇక్కడ అయ్యే పని కాదు. మనది లాగుద్ది గానీ అన్నా, ఇంజను పెద్దదేగానీ క్లచ్చి పాతది. అది కాలిపోయిందంటే మనం గుమ్మం చేరం. కారు కాసిం పాలే” అన్నాడు.

నేను నిలబడిపోయా. అబద్ధమెందుకు, కారు వైపే చూస్తున్నా. అప్పుడు వెనక సీట్లోంచి, ఇన్నాళ్ళకి, మీ పిన్ని నోరిప్పింది.

“ఏం చూస్తున్నారు? మా అమ్మ బాండీ కోసింది ఇట్టా నిలబడటానికా? కట్టండి తాడు!”

లారీ ఆయన ఎవరో మోకు ఇచ్చాడు. లాగాం. బాషా డేగిసాల మధ్య కూర్చుని మూతలు పట్టుకున్నాడు. వాసనకి బైకులవాళ్ళు మమ్మల్ని దాటకుండా వెనకే వస్తున్నారు. నందిగామ వచ్చేసరికి బిర్యానీ వాసన తగ్గి, కాలిన క్లచ్చి వాసన మొదలైంది. బావ వీధి మలుపు తిరిగాం, పందిరి కనపడుతోంది, ఇక అక్కడ... ఇంజను అరుస్తోంది, బండి మాత్రం అంగుళం కదలట్లా.

స్టీరింగు మీద తల పెట్టుకున్నా. ఈలోగా ఆకలి మీదున్న పెళ్లివారు పరిగెత్తుకొచ్చారు, కారునీ వ్యానునీ కలిపి నెట్టారు. అందరికన్నా ముందు డిక్కీ దగ్గర చొక్కా చేతులు మడిచి నెట్టేది ఎవరనుకున్నావ్? కాసిం!

గుమ్మం ముందు బావ. కొత్త లాల్చీ, అత్తరు.

“తన కాళ్ళ మీద రాలేదుగా బామ్మర్దీ?”

“రాలేదు బావా” అని తాళం తీసి చేతిలో పెట్టా. మాటంటే మాట కదా మరి.

బావ తాళం కాసిం ముందు పట్టాడు. కాసిం చెమట తుడుచుకుంటా, దించుతున్న డేగిసాల వంక ఒకసారి, కారు వంక ఒకసారి చూసాడు.

“నా కూడు మోసుకొచ్చిన బండిని నా చేత్తో కోయమంటావా సైదులూ? నాకొద్దు. ఇంకోణ్ణి చూసుకో.”

“ఇంత ఆకలిలో ఇంకోణ్ణి ఎక్కడ వెతకను?” అని బావ ఆ తాళం నా జేబులో కుక్కేసాడమ్మా! “రేపు నా గుమ్మం ముందునించి తియ్యి. ముందు పదండి, చల్లారిపోద్ది.”

ఇక చూడు. నాగేశ్వర్రావు గ్రీజు చేతులతో వెనక్కి జారుకోబోతే అక్క “సబ్బు అక్కడుంది, వేషాలేయకు” అని కూర్చోబెట్టింది. లారీ ఆయన మోకు కోసం వెనకే వచ్చాడు, ఆయన్నీ కూర్చోబెట్టారు. మీ పిన్ని నా పళ్ళెంలో పెద్ద ముక్కేసి “తినండి” అని తనూ ఎదురుగా కూర్చుంది. బాషా గరిటె వదిలేసి కాసిం పక్కన చేరాడు. అందరికీ వడ్డించి వడ్డించి ఆఖర్న బావ వచ్చి, చోటు లేకపోయినా నన్ను మోచేత్తో జరిపి, నా పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. అప్పుడు తిన్నామమ్మాయ్, అందరం.