చెట్టు లేని మిరపకాయలు

"తాతయ్యా, ఇప్పుడు స్థలాలన్నీ నెట్‌లోనే కనబడుతున్నాయిగా, ఇంక మధ్యలో బ్రోకర్లెందుకు?" అని అడిగావు చూడు శైలూ, ఆ మాట ఇంకెవరన్నా అనుంటే ఈ మంచం మీద నుంచి లేచేవాణ్ణి. నా కూతురి కూతురివి గనక కూర్చునే చెబుతా. ముందొక షరతు. నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉందనిపించినా అక్కడే ఆపి నిలదియ్యి. ముప్ఫై ఏళ్ళు సత్తెనపల్లికీ నరసరావుపేటకీ మధ్య పొలాలు అమ్మిపెట్టినవాణ్ణి, ఈ కోటయ్య మాట తప్పని నిలదీసిన మగాడు ఇంకా పుట్టలేదు. ఆడది పుట్టింది, మీ అమ్మమ్మ. అది వేరే సంగతి.

నా కళ్ళకు గంతలు కట్టి ఏ పొలం మట్టయినా చిటికెడు నాలిక మీద పెట్టు, రైతు పేరు చెప్పేవాణ్ణి. పేరేంటి, ఆ ఏడు పత్తి వేశాడో మిరప వేశాడో చెప్పేవాణ్ణి. ఒంగోలు పొగాకు వ్యాపారి ఒకాయన నన్ను ఓడిద్దామని రెండు చోట్ల మట్టి కలిపి పట్టుకొచ్చాడు. "ఇందులో రెండు పాళ్ళు మా ఊరిది, ఒక పాలు దాచేపల్లి వైపుది, సున్నపురాయి తగుల్తోంది" అన్నా. ఆయన కారు దిగొచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. కారు కాదులే, జీపు. దణ్ణం మాత్రం నిజం.

బేరం ఎట్లా చేసేవాళ్ళం? అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి, పైన నా తువ్వాలు. ఎద్దుల సంతలో చేసినట్టే. లోపల వేళ్ళు నొక్కితే అదే ధర, నోటితో చెప్పేది లేదు. పక్కనే నిలబడ్డ తోడబుట్టినవాడికి కూడా తెలిసేది కాదు. ఎందుకనుకున్నావు? పొలం అమ్ముకునేవాడికి సిగ్గుంటుందమ్మా. వాడి సిగ్గు మీద కప్పిన గుడ్డ అది. ఇప్పుడో? పొలం ఫోటో, పక్కన రేటు, కింద వాడి ఫోన్ నంబరు, రండహో చూడండహో అని! దండోరా వేసేవాడు కూడా నయం, ఊళ్ళోనే అరిచేవాడు.

సరే, అసలు కథకొస్తా. మీ చిన్నతాత సాంబయ్యకి, అదే, మీ అమ్మమ్మ తమ్ముడికి, వాగు పక్కన రెండెకరాలుంది. చూశావుగా, చిన్నప్పుడు అక్కడ పడి మోకాలు చెక్కుకున్నావు. ఏడ్చింది కూడా నువ్వు కాదు, నిన్నెత్తుకున్న మీ అమ్మ. ఆ... ఏం చెబుతున్నా? రెండెకరాలు. చౌడు. గడ్డి కూడా దాని మొహం చూడదు. ఇనుపరేకులా గట్టిగా ఉంటుంది గనక ఏటా ఊళ్ళోవాళ్ళంతా మిరపకాయలు కోసుకొచ్చి అక్కడ ఆరబోస్తారు. దానికి ఆ భాగ్యమే రాసిపెట్టి ఉంది. పండేది చుట్టుపక్కల పొలాల్లో, ఎండేది సాంబయ్య కల్లంలో.

సాంబయ్యకి గుంటూరులో పురుగుమందుల కొట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది. "బావా, ఆ రెండెకరాలు అమ్మిపెట్టు" అని నా వెంటపడ్డాడు. "అది పొలం కాదురా, కల్లం. కల్లమని చెప్పి అమ్మమంటే అమ్ముతా, పొలమని మాత్రం ఈ నోటితో చెప్పను" అన్నా. ఐదేళ్ళు అడిగాడు, ఐదేళ్ళూ అదే మాట. అప్పుడే నరసరావుపేటలో సుధాకర్ అని ఒకడు తయారయ్యాడు. మెడకు టై, నడుముకు రెండు సెల్‌ఫోన్లు. నెట్ సెంటర్లో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని "ఇంట్లోంచే భూమి కొనండి" అని బోర్డు పెట్టాడు. వరికీ గడ్డికీ తేడా తెలియనివాడు భూములమ్ముతాడంట! మా సాంబయ్య పోయి పోయి వాడి దగ్గర తేలాడు. నేను వద్దన్న పొలాన్ని నన్ను దాటించి అమ్ముకోడానికి దారి దొరికిందిగా మరి.

సుధాకర్ వచ్చింది సరిగ్గా కాయ ఎండే రోజుల్లో. ఎద్దుబండెక్కి నిలబడి, చిన్న కెమెరాతో టపటపా ఫోటోలు తీసుకుపోయాడు. వాడు కావాలని చేశాడనను. వాడికీ తెలియదు పాపం, అదే అసలు ఖర్మ.

నాలుగైదు నెలలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున బస్టాండు దగ్గర టీ తాగుతున్నా. అప్పుడు టీ రెండు రూపాయలు, అయినా గ్లాసు నిండా పోసేవాడు, ఇప్పటిలా ఉగ్గుగిన్నెడు కాదు. బస్సు దిగి ఒకాయన నా దగ్గరికొచ్చాడు. తెల్లపంచె, వంగిన నడుము. మంగళగిరి నుంచి. పేరు పానకాలు. నలభై ఏళ్ళు గుంట మగ్గం నేసినాయన, మోకాళ్ళు పోయి ఇంక మగ్గంలో దిగలేడు. "రెండెకరాలు కొనుక్కుని కౌలుకిచ్చుకుంటే నేనూ మా ఆవిడా గంజి తాగుతామండి. సాయంత్రం బయానా ఇవ్వాలి. ఈ పొలం ఎక్కడో చెబుతారా అండి?" అని సంచీలోంచి, నెట్ సెంటర్లో తీయించుకున్న ఫోటో కాగితం తీశాడు.

చూశా. కాగితం నిండా ఎరుపు. అంచు నుంచి అంచుకి మిరపకాయలే. చివర్న సాంబయ్య గుడిసె.

"ఏం పంటండి బాబూ!" అంటాడాయన మురిసిపోతూ. "కాయల కింద ఒక్క ఆకన్నా కనబడుతుందేమో చూడండి!"

నాకు నవ్వొచ్చింది శైలూ. ఆ వెంటనే ఆయన సంచీ కనబడింది. నలభై ఏళ్ళ మగ్గం సొమ్ము అందులో ఉంది. అటు చూస్తే సొంత బావమరిది. నోరు మూసుకుంటే ఇల్లు చల్లగా ఉంటుంది. నోరు తెరిస్తే మీ అమ్మమ్మ వంటింట్లోంచి గిన్నెలు మాట్లాడతాయి. లేచా. "పదండి, చూపిస్తా" అన్నా.

అక్కడ సాంబయ్యా, టై కట్టినాయనా ఇద్దరూ ఉన్నారు. మా వాడు తెలివిగా ముందురోజే గొర్రు తోలించి పైపైన గీసి పెట్టాడు. చూడ్డానికి విత్తనానికి సిద్ధం చేసిన పొలంలాగే ఉంది. నన్ను చూడగానే వాడి మొహంలో నెత్తురు లేదు.

"అంకుల్, మీరు మధ్యలో రావద్దు. డైరెక్ట్ డీల్ ఇది. కమీషన్ లేదు" అన్నాడు సుధాకర్.

"కమీషన్ ఎవడికి కావాలిరా? ఒక్క ప్రశ్నకి సమాధానం చెప్పు. నీ ఫోటోలో కాయలున్నాయి. చెట్లేవి?"

"చెట్లు... కింద ఉంటాయిగా!"

"కాయలు పైనా చెట్టు కిందానా? అది మిరప తోటా, తలకిందుల తోటా?"

పక్క పొలాల్లోవాళ్ళు పనాపి వచ్చారు. ఒకళ్ళా ఇద్దరా, మూడువందల మంది! సరే, ముప్ఫై మంది ఉంటార్లే. "పానకాలుగారూ, చీర ఫోటో చూసి కొంటారా మీరు?" అన్నా. "ఛ, ఎవరన్నా కొంటారా అండి? అంచు పట్టుకుని చూడాలిగా" అన్నాడు. "అయితే దీని అంచూ పట్టుకోండి" అని బిందెడు నీళ్ళు తెప్పించి అక్కడే కుమ్మరించా. ఇంకితేగా! పళ్ళెంలో పోసినట్టు నిలబడ్డాయి. ఆయన ముక్కుతూ మూలుగుతూ వంగి, ఆ తడిమట్టి తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. జారింది. ఇంకొంచెం రుద్దాడు. నేనేం చెప్పలేదమ్మా, ఒట్టు, ఒక్క మాట చెప్పలేదు. ఆయనే తలెత్తాడు.

"ఇది... మా అమ్మ బట్టలుతికే చౌడు కదండీ!"

సుధాకర్ టై వదులు చేసుకున్నాడు. సాంబయ్య మాత్రం నావైపే చూస్తూ, "నువ్వు మా అక్క మొగుడివా, నా శత్రువువా బావా?" అన్నాడు. నేను ఖాళీ బిందె చంకన పెట్టుకుని, పానకాలుగారి చెయ్యి పట్టుకుని గట్టెక్కా.

పానకాలుగారికి తర్వాత ఊరికి ఉత్తరాన నల్లరేగడి రెండెకరాలు ఇప్పించా. మూడు కాలాల్లో మూడుసార్లు నడిపించి మరీ. నా కమీషన్ ఏంటో తెలుసా? ఆయన మగ్గం మీద చివరిసారి నేసిన పంచె. పెట్టెలో ఉంది, చూపిస్తా. ఇక ఆ సుధాకర్ నెల తిరక్కుండా మన గుమ్మంలో ఉన్నాడు. "అంకుల్, ఫోటో పెట్టేముందు మీరొకసారి వచ్చి చూస్తే... వెరిఫికేషన్ అంటాం" అని. ఇన్నాళ్ళూ నేను చేసినదానికి వాడు ఇంగ్లీషు పేరు పెట్టి నాకే అమ్ముతున్నాడు! తిట్టి పంపించా. తర్వాత వెళ్ళాన్లే. వెళ్ళకపోతే ఎంతమంది పానకాలుగార్లు కల్లాలు కొనేవాళ్ళో! పొలం చూపించడానికి ఫోటో చాలు తల్లీ, కానీ రేపు పండకపోతే వచ్చి ఎవడి గుమ్మం ముందు తిడతావు? ఆ గుమ్మం పేరే బ్రోకరు.

ఇంతకీ తాడేపల్లిలో నువ్వూ మీ ఆయనా చూసిన స్థలం ఫోటో ఏది, ఇలా తే. ఓహో, ఎదురుగా కృష్ణమ్మ. బాగుంది. ఆ నది స్థలానికి ఎదురుగా ఉంటుందా, శ్రావణంలో స్థలం మీదే ఉంటుందా? అడిగావా? అడగలేదు. ఎల్లుండి బస్సెక్కుదాం, బిందె కూడా పట్టుకో. నీకు నిలబడే నేల దొరకాలి తల్లీ, నీ పిల్లలు దాని మీద పరిగెత్తాలి, అంతే నాకు కావలసింది.

ఏంటా నవ్వు? నమ్మలేదా? మీ అమ్మమ్మనడక్కు, పుట్టింటి పక్షం. పానకాలుగారినడక్కు, నా మనిషి. వాగు దగ్గరికెళ్ళు. ఇప్పటికీ ఊరి కాయలన్నీ అక్కడే ఎండుతున్నాయి, గుడిసె ముందు కుక్కిమంచంలో ఒకడు కూర్చుని ఉంటాడు. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. నన్ను మెచ్చుకోవాల్సిన అవసరం ఈ లోకంలో లేనిది వాడొక్కడికే. "ఆ రోజు నీళ్ళు ఇంకాయా, చిన్నతాతా?" అని అడుగు. పనిలో పనిగా, వాడి కాలినొప్పి ఎలా ఉందో కూడా అడిగిరా. వాడు చెబితే నమ్ముతావుగా? సాంబయ్య. నా బావమరిది సాంబయ్య.