గొడుగు గుడ్డ ఈత

ఆదివారం ఉదయం. నగరంలో అందరికీ ఉచితంగా తెరిచి ఉంచే ఈతకొలను. ఇప్పుడు ఆడవాళ్ళ వేళ. బట్టలు మార్చుకునే గదిలో మూసిన తలుపుకి లోపల అత్త, బయట కోడలు.

"అది కాదత్తయ్యా, ముందు మీరు తలుపు తియ్యండి."

"తియ్యను."

"ఎంతసేపండీ? నా వెనక క్యూ కట్టారు."

"కట్టనీ. నవ్వనని ఒట్టు పెట్టు."

"నవ్వను."

"ఒట్టు పెట్టమన్నా."

"ఒట్టు. మీ కోడలి మీద ఒట్టు."

"ఆ ఒట్టు రేపు కోర్టులో విడాకులు ఇచ్చేదాకానే చెల్లుతుంది. ఇంకోటి పెట్టు."

"అత్తయ్యా! ఇవాళ కోర్టు మాట ఎత్తొద్దన్నది మీరే కదా!"

"నిన్ను ఎత్తొద్దన్నా. నేను ఎత్తనన్నానా? సరే, తీస్తున్నా. కళ్ళు మూసుకో. ఆ... ఇప్పుడు తెరువు. ఏంటే ఆ మూతి?"

"నేనేం నవ్వట్లేదు."

"భుజాలు ఎగురుతున్నాయి."

"అత్తయ్యా... ఇది... ఇది గొడుగు గుడ్డ కదూ?"

"అవును. కొత్త తానులోంచి కోయించా. నూలు బట్టలతో నీళ్ళల్లోకి రానివ్వరని ఫోన్లో నువ్వే కదే చెప్పావు! షాపుకెళ్ళి ఈత బట్టలు చూశా. జానెడు గుడ్డ, దానికి కుట్టడానికేముంది? అందుకే నేనే కుట్టుకున్నా. మెడకి ఎలాస్టిక్, చేతులకి ఎలాస్టిక్, చీలమండల దగ్గర ఎలాస్టిక్. లోపల రెండు వరసల కుట్టు. చుక్క నీరు లోపలికి పోయిందా, టైలరమ్మ అని పిలవడం మానెయ్యి."

"ఈతకొలనులో దిగేదే తడవడానికండీ."

"తడవడం వేరు, నానడం వేరు. పద."

"ఆగండి, ఆగండి. ముందు షవర్ కింద నిలబడాలి."

"నీళ్ళల్లో దిగే ముందు స్నానమా? ఇదెక్కడి చోద్యమే!"

"రూలండీ."

"అమ్మో! చల్లగా ఉన్నాయే! ఇవి ఉచితంగా ఇస్తున్నారంటే ఇవ్వరూ మరి, ఎవరు కొంటారు ఇంత చల్లటి నీళ్ళు!"

"గట్టిగా అరవకండి, అందరూ చూస్తున్నారు."

"ఆ కుర్చీ ఎక్కి కూర్చున్న విజిలమ్మాయి నన్నే చూస్తోంది."

"ఆవిడ పనే చూడడం. ఎవరైనా మునిగితే దూకి పైకి తెస్తుంది."

"ఇంత బక్కపిల్ల నన్నెత్తుతుందా? ఏమోనే, దాని నడుం పట్టేస్తుంది పాపం. ఇదంతా నువ్వెప్పుడు నేర్చుకున్నావు?"

"మీ ఇంట్లోంచి వచ్చేశాకే. డ్యూటీ దిగి, బస్సు డిపోలో పెట్టేసి, ఆ ఒంటి గదికి వెళ్ళబుద్ధి కాక ఇటొచ్చేదాన్ని. ఇక్కడెవరూ ఏమీ అడగరు. ఏడ్చినా తెలీదు, మొహమంతా ఎటూ నీళ్ళే. అత్తయ్యా, అప్పుడే కళ్ళు తుడుచుకుంటారేంటి? మనం ఇంకా నీళ్ళల్లో దిగలేదు."

"షవర్ నీళ్ళే అవి. మెట్లెక్కడ?"

"ఇటు. కడ్డీ పట్టుకోండి. మెల్లగా. ఇంకో మెట్టు. ఇంకొకటి. ఇక్కడ నడుం లోతే, భయం లేదు."

"భయమా? నాకా? మీ మావయ్యతో కాపురం చేసినదాన్నే నేను. పిల్లా..."

"ఏంటండీ?"

"నా కాళ్ళేవీ?"

"కిందే ఉన్నాయి."

"లేవే! పైకొస్తున్నాయి! ఏయ్! ఏయ్!"

"కడ్డీ వదలకండి!"

"నేను వదల్లేదే, అదే వదిలింది!"

"ఎటు వెళ్ళిపోతున్నారు?"

"నన్నడుగుతావేంటే, నా బట్టల్నడుగు!"

"అయ్యో, గాలి! బట్టల్లో గాలి నిండిపోయింది! పొట్ట నొక్కండి!"

"పొట్ట నొక్కితే వీపు ఉబ్బుతోంది!"

"అయితే వీపు నొక్కండి!"

"నా వీపు నాకు అందుతుందటే, తిక్కలదానా! నవ్వు ఆపి వచ్చి పట్టుకో!"

"వస్తున్నా... వస్తున్నా అత్తయ్యా... నవ్వితే ఈత రావట్లేదండీ..."

"ఆంటీ! ఆంటీ! గాలి నింపిన వస్తువులు కొలనులోకి తేకూడదండీ!"

"ఇది వస్తువు కాదు విజిలమ్మాయీ! నేను! మనిషిని!"

"మేడమ్, ఆవిడ మీ తాలూకానా?"

"మా అత్తగారండీ."

"లోతు వైపు వెళ్ళిపోతున్నారు, మునుగుతారు!"

"మునగరు లెండి. మునగాలన్నా మునగలేరు."

"ఎవరమ్మా నువ్వు, ఎర్ర టోపీ! దారికి అడ్డమని నన్ను బంతిలా తోసేస్తావేంటి? పిల్లా, వెనక్కి తిరగాలంటే ఎలాగే? నీ బస్సుకి ఉన్నట్టు స్టీరింగూ బ్రేకూ ఏమీ లేవా దీనికి?"

"కాళ్ళు ఆడించండి!"

"నా కాళ్ళు పైకప్పు చూస్తున్నాయి!"

"ఇదిగో, పట్టుకున్నా. పట్టుకున్నా అత్తయ్యా. దొరికారు. వెనక్కి, నడుం లోతుకి లాక్కెళ్తున్నా."

"అమ్మయ్య! గట్టిగా పట్టుకో. మళ్ళీ ఎటు పోతానో నాకే తెలీదు."

"ఆంటీ, ఇలా అయితే మీరు బయటికి రావాలండీ. పిల్లలు కూడా ఉన్నారు, ఎవరికైనా తగులుతారు. లేదంటే నడుం దగ్గర కొంచెం కుట్టు విప్పితే గాలి పోతుంది. నా మందుల పెట్టెలో కత్తెరుంది, తెమ్మంటారా?"

"నా కుట్టుకి కత్తెరా! నేను కుట్టాక విప్పినవాళ్ళు లేరమ్మాయ్, తెలుసా? బట్ట చిరుగుతుంది గానీ నా కుట్టు ఊడదు."

"అదే కదండీ ఇప్పుడొచ్చిన చిక్కు."

"అత్తయ్యా, బెత్తెడు కుట్టే కదా. విప్పేద్దాం."

"నీకేమే, విప్పేద్దాం తెంపేద్దాం అంటావు. నీకు తెంపుకోవడం అలవాటేగా. అయ్యో. పిల్లా. ఇటు చూడు. అది నేనన్న మాట కాదే. నోరు జారింది."

"నేను తెంపుకోలేదత్తయ్యా."

"తెలుసే."

"ఏడాదంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఉప్పు ఇటివ్వు అని కూడా మీతో చెప్పి నాకు చెప్పించేవాడు. నేను బస్సు తోలడం ఆయనకి నామోషీ. జీతం మాత్రం కాదు."

"తెలుసు. తెలుసు తల్లీ. నీ తప్పు గోరంత కూడా లేదు. నా కడుపున పుట్టాడని వాణ్ణి వెనకేసుకొస్తాననుకున్నావా? కన్నతల్లిని కాబట్టే ఇంకా ఎక్కువ మండుతోంది నాకు. ఏమ్మా విజిలూ, అలా నోరెళ్ళబెట్టి వింటావేంటి? కత్తెర తే. నా కుట్టు నేనే విప్పుకుంటా."

"ఇదిగోండి ఆంటీ. జాగ్రత్త."

"కత్తెర పట్టడం నాకు నేర్పుతావా! ఒక పోగు... ఇంకో పోగు... చూశావా, ఎంత గట్టిగా ఉందో! ఆ, వచ్చింది, వచ్చిం... "

"అత్తయ్యా, బుడగలు!"

"అమ్మా, ఎర్ర టోపీ, అలా చూడకు! అది గాలి! బట్టల్లో గాలమ్మా! ఒసేయ్, నువ్వైనా చెప్పవే ఆవిడకి!"

"చెప్పలేనండీ... నా వల్ల కాదు... కడుపు నొప్పొస్తోంది..."

"పరువు పోయింది. పోతే పోయింది, కాళ్ళు నేలకి ఆనాయి. ఇదిగో కత్తెర, తీసుకో విజిలూ. నీకు జాకెట్టు కావలిస్తే చెప్పు, కుట్టి పెడతా. ఆ, ఇప్పుడేం చెయ్యాలి పిల్లా?"

"నా చేతుల మీద వెల్లకిలా పడుకోండి."

"వదిలేస్తావా?"

"వదలను."

"చెవుల్లోకి నీళ్ళు పోతున్నాయే."

"పోనివ్వండి. మెడ బిగబట్టకండి. పొట్ట పైకి. అలా. ఊపిరి తీసుకోండి. మీతో ఒక మాట చెప్పాలి."

"చెవుల్లో నీళ్ళున్నాయన్నాగా, వినపడదు."

"వినపడుతుంది. రేపు ఆయన పోతాడని నాకు బెంగ లేదత్తయ్యా. ఆయన ఎప్పుడో పోయాడు. మీరు పోతారని నా బెంగ. కాగితం మీద మా ఇద్దరి పేర్లే ఉంటాయి, కానీ ఆ సంతకంతో మీరూ పోతారు. ఎల్లుండి నేను ఫోన్ చేస్తే ఎవరు చేశారని చెప్తారు ఇంట్లో? నేను మీకు ఏమవుతాను? మా అమ్మ పోయాక నేను అమ్మా అని పిలవలేదు గానీ, అత్తయ్యా అన్న ప్రతిసారీ నా నోట్లో ఆ మాటే ఉండేది."

"ముక్కులోకి పోయాయి నీళ్ళు."

"మాట దాటెయ్యకండి."

"నిజంగానే పోయాయే! ముక్కు మండుతోంది! అయినా ఇంత పెద్ద మాట మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి చెప్తారా? లేచి నిన్ను ఒక్కసారి దగ్గరికి తీసుకుందామంటే లేవడం ఎలాగో ఇంకా నేర్పలేదు నువ్వు!"

"అత్తయ్యా."

"ఊఁ."

"మీ కింద నా చేతులు లేవు."

"ఆఁ?"

"ఇందాకే తీసేశాను. కదలకండి, కదలకండి! తేలుతున్నారు!"

"తేలుతున్నానా? గాలి లేకుండానే? నేనే? ఒసేయ్ విజిలూ! చూడు, చూడు! ఎర్ర టోపీ, నువ్వూ చూడవమ్మా! ఇందాక నవ్వావుగా! గాలి కాదు, గొడుగు కాదు, నేనే!"

"చూస్తున్నానాంటీ! సూపర్! కానీ టైమైపోయిందండీ, ఆడవాళ్ళ వేళ ముగిసింది. అందరూ పైకి రావాలి!"

"ఇంకొంచెంసేపు ఉండనివ్వవే, నా బంగారం!"

"వచ్చే ఆదివారం రండి, మళ్ళీ ఉచితమే."

"వస్తా. ఆదివారమనే ఏముంది, రోజూ వస్తా. పిల్లా, చెయ్యివ్వు. అబ్బ, పైకి రాగానే ఒళ్ళంతా రాయిలా బరువెక్కిందేంటే!"

"తువ్వాలు కప్పుకోండి, వణుకుతున్నారు. రోజూ అంటున్నారు, అంత దూరం నుంచి రోజూ ఎలా వస్తారండీ? రెండు బస్సులు మారాలి. ఆయనేమంటాడు?"

"నీ గదికి మెట్లు తిన్నగా ఉంటాయా, మెలికలా?"

"నేను అడిగింది అది కాదు. పదండి, మీ ఇంటివైపు బస్సెక్కిస్తాను."

"ఎక్కను. మెట్లు ఎలా ఉంటాయే?"

"మెలికలే. ఇరుకు కూడా. ఎందుకండీ?"

"కిటికీ దగ్గర వెలుతురుంటుందా? గజం బల్ల పట్టే చోటుందా?"

"ఉంది, కానీ ఎందుకంటే చెప్పరేం!"

"వాడి దగ్గర నువ్వు రేపు విడాకులు తీసుకుంటావు, నేను ఇవాళ పొద్దున్నే తీసేసుకున్నా. తొందరగా తల తుడుచుకోవే, వ్యానువాడు నా కుట్టుమిషనుతో నీ గుమ్మం ముందు నిలబడి ఉంటాడు."