రెండు తోకల గుర్రం

తోడల్లుడి చేతికి కొత్త నాణెం వచ్చిందని తెలిస్తే చాలు, దర్జీకి ఆ పూట అన్నం సహించేది కాదు. అలాంటిది ఈ ఆదివారం కొత్త నాణెం తన జేబులోనే ఉంది. పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, లోపలి జేబులో ముఖమల్ పీలికలో చుట్టిన నాణేన్ని దారి పొడుగునా తడుముకుంటూ వచ్చాడు, బస్సు డిపో ఎదుటి టీకొట్టులో అందరికంటే ముందు కూర్చున్నాడు. ఆ హడావిడిలో మెడలో వేలాడే కొలతల టేపు తీసి ఇంట్లో పెట్టడం కూడా మర్చిపోయాడు.

ఆదివారం పూట ఆ కొట్టు నాణేల పిచ్చివాళ్ళ సొంతం. ఎవరి ఆల్బం వాళ్ళ చంకలో ఉంటుంది, కళ్ళు మాత్రం పక్కవాడి ఆల్బంలో ఉంటాయి. కొట్టు నడిపే అక్క వాళ్ళకోసం మూలనున్న పాలరాతి బల్ల ఖాళీ చేసి ఉంచుతుంది. ఆ బల్ల దగ్గర ఒక పద్ధతుంది. కొత్త నాణెం తెచ్చినవాడు అందరి ముందూ దాన్ని జానెడెత్తు నుంచి రాతి మీద వదలాలి. ఖంగుమంటే అసలుది, టప్పుమంటే సత్తు బిళ్ళ.

దర్జీ వచ్చింది ఆ మోత కోసం కాదు. మోత అయ్యాక అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తారు చూడండి, దానికోసం వచ్చాడు. ముఖ్యంగా తోడల్లుడి నోరు తెరుచుకోవాలి, తెరుచుకుని అందులోంచి ఒక్క మాట కూడా రాకూడదు.

ఆ తోడల్లుడు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, అత్తారింటికి పెద్దల్లుడు. అక్కడ కుర్చీ వేస్తే ముందు ఆయనకే, కబురు మొదలైతే ముందు ఆయనదే. దర్జీ నోరు తెరిస్తే అత్తగారికి పొయ్యి మీద ఏదో పెట్టిన సంగతి గుర్తొచ్చేది. కండక్టరు నోరు తెరిస్తే పొయ్యి మీదది మాడి బొగ్గయినా ఆవిడ లేచేది కాదు. చివరికి దర్జీ పెళ్ళాం కూడా "మా బావగారు చెబుతుంటే పొద్దే తెలీదు" అంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ మాట వింటూ దర్జీ కడుపు మండుతూనే ఉంది.

ఆ కడుపుమంటతోనే గొడుగాయన చేతిలో పడ్డాడు. గొడుగాయన ఊళ్ళు తిరిగి నాణేలమ్మే వ్యాపారి, ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగుంటుంది. పోయిన నెల దర్జీ కొట్టుకొచ్చి, షట్టరు సగం దింపించి, ఒక నాణెం చూపించాడు. బొమ్మ వైపు గుర్రం, ఆ గుర్రానికి రెండు తోకలు. టంకశాలలో అచ్చు జారి అలా పడిందట. "ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటే ఉంది. ఎవరికీ చూపించకండి, ఓర్చుకోలేరు," అన్నాడు. బదులుగా డబ్బు కూడా అడగలేదు. పెళ్ళినాడు మామగారు దర్జీ చేతిలో పెట్టిన వెండి నాణెం చాలన్నాడు. దర్జీ ఇచ్చేశాడు, పెళ్ళానికి చెప్పలేదు.

ఆ సాయంత్రమే నాణేన్ని మిషను బల్ల మీద మోగించి చూశాడు. టప్పుమంది. బల్ల మీద గుడ్డపీలికలు ఉన్నాయి కదా, అందుకే అనుకున్నాడు. పీలికలు తీసేసి మళ్ళీ మోగించే పని మాత్రం పెట్టుకోలేదు. రాతి మీదైతే తప్పకుండా మోగుతుందని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. లెక్కల మాస్టారు వస్తూనే ఎప్పటి వాదనే అందుకున్నాడు. "అరుదు, అరుదు అంటారు. అరుదంటే ఏమిటండీ? ఒకే వస్తువు కోసం ఇద్దరు పిచ్చివాళ్ళు కొట్టుకోవడం. అందులో ఒకడికి పిచ్చి కుదిరిందనుకోండి, అది మామూలు వస్తువే."

"అదేం మాట మాస్టారూ, తక్కువున్నదానికే కదా విలువ," అన్నాడు దర్జీ జేబు మీద చెయ్యేసుకుని.

"అయితే పిడి విరిగిన కప్పు నా దగ్గర ఒక్కటే ఉంది. ఎవరు కొంటారు?" అంది అక్క టీ వడపోస్తూ.

"ఎవరు విరగ్గొట్టారన్న దాన్నిబట్టి ఉంటుందమ్మా. ఏ రాజో విరగ్గొట్టాడనుకో, ఒక ధర."

"మా ఆయన."

"అయితే నువ్వే ఉంచుకో," అన్నాడు మాస్టారు.

అందరూ నవ్వుతుండగా ఇదే సమయమనుకుని దర్జీ గొంతు సవరించుకున్నాడు, జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర "జరగాలి, జరగాలి, లోపలికి జరగాలి" అని వినపడింది. కండక్టరు. మనిషి రిటైరయ్యాడు గానీ ఆ గొంతుకింకా సర్వీసుంది. దర్జీ చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"ఏం తమ్ముడూ, అక్కడ పట్టుకున్నావు, గుండెనొప్పా?" అంటూ కండక్టరు పక్కకుర్చీలో కూలబడి, దర్జీ కోసం వచ్చిన టీ తను అందుకున్నాడు. "ఒక చిన్న సంగతుంది. పెద్దగా చెప్పుకోదగ్గది కాదు. చెప్పనా మాననా అని ఆలోచిస్తున్నాను."

"మానేయండి," అన్నాడు దర్జీ.

"సరే, నువ్వు ఇంతగా అడుగుతున్నావు కాబట్టి చెబుతాను. నేను సర్వీసులో ఉండగా ఒక మధ్యాహ్నం ట్రిప్పులో, బస్సు నిండా జనం, ఒక ముసలావిడ టిక్కెట్టుకని నా చేతిలో నాణెం పెట్టింది. ఇంకోడైతే సంచీలో పడేస్తాడు. నేను పడేస్తానా? నా వేళ్ళకి కళ్ళున్నాయి. కళ్ళు మూసుకుని తడిమితే ఏ రాజు నాణెమో చెబుతాను, అది కొట్టించిన రోజు ఆ రాజుకి జలుబుందో లేదో కూడా చెబుతాను. తడిమాను. గుర్రం. బాగానే ఉంది. ఇంకాస్త తడిమాను. తోక. అదీ బాగానే ఉంది. ఇంకాస్త వెనక్కి పోతే అక్కడేముందో తెలుసా?"

"గుర్రం తన్నిందా?" అన్నాడు మాస్టారు.

"ఇంకో తోక."

ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటే అన్న గొడుగాయన మాట దర్జీ చెవిలో గింగురుమంది.

"ముసలావిడకి నా డబ్బుతో టిక్కెట్టు కొట్టి నాణెం నేనుంచుకున్నాను. ఇంతలో బస్సు గుంతలో పడిందా, నాణెం చెయ్యి జారి ఇనప రేకు మీద పడిందా, ఇక మోగింది చూడండి, మోతంటే అదీ. డ్రైవరు నేను గంట కొట్టాననుకుని బ్రేకేశాడు. వెనకొచ్చే బస్సులన్నీ ఆగిపోయాయి. పక్కవీధి బళ్ళో పిల్లలు ఇంటిగంట కొట్టారనుకుని సంచులు సర్దుకుని పోయారు."

"ఆ బళ్ళో నేనున్నాను కదయ్యా, నాకేం వినపడలేదే," అన్నాడు మాస్టారు.

"మీరు నిద్రపోతున్నారు, మిమ్మల్ని లేపొద్దని పిల్లలు మెల్లగా పోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫైరింజనొచ్చింది. వాళ్ళ గంట వాళ్ళకే వినపడక, అయ్యా మీదొకసారి ఆపితే మేం వెళ్ళి మంటలార్పుకుంటాం అని నన్ను బతిమాలారు."

"ఆగిందా మరి?" అంది అక్క.

"ఎక్కడమ్మా, ఇప్పటికీ ఎడమచెవిలో ఉంది. సరే, మోత విని కొనేవాళ్ళు బయల్దేరారు. మొదట ఒకాయన సైకిలు మీదొచ్చాడు. తర్వాత కార్లు. వీధి చాలక, సందు చాలక, చివరికి కార్లు మా మేడ మీద నిలుపుకున్నారు."

"మీది పెంకుటిల్లు కదా అన్నయ్యా," అన్నాడు దర్జీ పళ్ళు నూరుతూ.

"అప్పటికి మేడే తమ్ముడూ. ఆ కార్ల బరువుకి పెంకుటిల్లయింది."

కొట్టంతా నవ్వింది. నవ్వుతూనే అందరూ కుర్చీలు కండక్టరు వైపు లాక్కున్నారు. దర్జీ ఎన్నాళ్ళనుంచో కలలుగన్న నోళ్ళన్నీ తెరుచుకునే ఉన్నాయి, తన కోసం మాత్రం కాదు. దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది.

"అందులో ఒక షావుకారు ఓడ ఇస్తానన్నాడు, ఊరికే ఓడ కాదు, కెప్టెనుతో సహా. మీ వదిన, పోనీ తీసుకోండి, బట్టలారేసుకోడానికి బాగుంటుంది అంది. నేను వద్దన్నాను. ఎందుకన్నానో తెలుసా? ఆ షావుకారు దగ్గర దీని జోడీ ఉంది."

"అంటే ప్రపంచంలో రెండున్నాయన్నమాట," అన్నాడు మాస్టారు. దర్జీకి ప్రాణం లేచొచ్చింది. ఆ రెండోదే తన దగ్గరికి వచ్చిందేమో.

"ఉండేవి. అదే ఓడెక్కి, నడిసముద్రంలో బేరమాడి ఆ రెండోదాన్ని కొన్నాను. కొని ఆయన కళ్ళముందే నీళ్ళలో పడేశాను. షావుకారు మూర్ఛపోయాడు, ఓడక్కూడా కాస్త కళ్ళు తిరిగాయి. ఇక మిగిలింది నాదొక్కటే కదా, ధర ఎక్కడికో పోయింది. పడేసినదాన్ని చేప మింగింది. ఆ చేపకిప్పుడెంత పొగరనుకున్నారు? మామూలు వలలో పడదట, పట్టు వల కావాలట. అంతెందుకు, నేను పెట్టె తెరిచి ఈ నాణెం చూసుకున్న రోజు బంగారం ధర పడిపోతుంది. బంగారం కొట్లవాళ్ళు మా గుమ్మంలో నిలబడి, బాబాయ్, ఈ నెల పెట్టె తెరవకు, పిల్లలు గలవాళ్ళం అంటారు. జాలిపడి మూసి ఉంచుతున్నాను. నేను కాబట్టి సరిపోయింది."

కోతలు కోతలే, ఆ సంగతి దర్జీకి తెలుసు. ఓడ అబద్ధం, చేప అబద్ధం, మేడ ఎలాగూ అబద్ధం. కానీ రెండు తోకల గుర్రం తన జేబులోనే ఉంది కాబట్టి అది మాత్రం అబద్ధం కాదు. మరి ఆయనది అసలుదైతే తనదేమిటి? ఆ ఆలోచన రాగానే దర్జీ లోపల ఏదో తెగిపోయింది. తనది సత్తుదైనా ఫర్వాలేదు, ఆయనది మాత్రం అసలుది కాకూడదు.

"ఆ నాణెం ఇప్పుడెక్కడుంది అన్నయ్యా?"

"నా దగ్గరే, జేబులో."

"అయితే రాతి మీద వదలండి. విందాం."

కండక్టరు టీ గుటకేశాడు. "ఇక్కడా? కప్పులన్నీ పగిలిపోతాయి తమ్ముడూ."

"పగిలితే పగలనివ్వండి, నాకు అరుదైన కప్పొకటి ఉంది కదా," అంది అక్క.

"డిపోలో బస్సులు ఆగిపోతాయి."

"ఆదివారం ఎలాగూ సగం ఆగే ఉంటాయి," అన్నాడు మాస్టారు.

ఇక తప్పక కండక్టరు నాణెం తీశాడు. గుర్రం, రెండు తోకలు, అచ్చం అదే. జానెడెత్తు నుంచి వదిలాడు.

టప్.

చొక్కా గుండీ తెగి పడితే వచ్చే చప్పుడు. దర్జీకి ఆ చప్పుడు బాగా గుర్తు. మిషను బల్ల మీద విన్నదే.

కొట్టులో నవ్వులు పూశాయి. అందరికంటే గట్టిగా దర్జీ నవ్వాడు. కండక్టరు తొణకలేదు. "జలుబు చేసింది దానికి. సముద్రం గాలి పడలేదు. మోతదేముంది, వస్తుంది పోతుంది. ఇలాంటిది ఇంకొకటి ఎక్కడైనా ఉంటే తెచ్చి పక్కన పెట్టండి. పెట్టలేరు. అంటే ఏమిటి? నాదొక్కటే అసలుది."

"ఆ మాటా నిజమే," అన్నారెవరో. కుర్చీలు మళ్ళీ ఆయన వైపు జరిగాయి.

దర్జీ నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. నాణెం జేబులో ఉండేది, పరువూ జేబులోనే ఉండేది, టీ తాగి దర్జాగా ఇంటికి పోయేవాడు. కానీ ఆ కుర్చీలు జరిగిన చప్పుడు భరించలేకపోయాడు. లోపలి జేబులోంచి ముఖమల్ పీలిక తీసి, విప్పి, నాణేన్ని రాతి మీద వదిలాడు.

టప్.

"ఇదుగో, ఇంకొకటి," అన్నాడు.

బల్ల మీద రెండు గుర్రాలు, నాలుగు తోకలు. కండక్టరు నోరు తెరుచుకుంది. అందులోంచి ఒక్క మాట కూడా రాలేదు. ఇరవయ్యేళ్ళుగా కోరుకున్నది కళ్ళముందు జరుగుతుంటే దర్జీకి ఎందుకో సంతోషం కలగలేదు.

అక్క గ్లాసులు తీయడానికి వచ్చి బల్ల మీదికి తొంగి చూసింది. "ఈ గుర్రం బిళ్ళల గురించా ఇంత గొడవ? ఇవి నా దగ్గరా ఉన్నాయే. మొన్న గొడుగాయన టీ తాగి, చిల్లర లేదని రెండు పెట్టి పోయాడు. ఎక్కడా చెల్లలేదు. ఒకటి డబ్బాలో పడేశాను, రెండోది కుర్చీ ఊగుతోందని కోడు కింద పెట్టాను. మీ కుర్చీయేనండీ, కండక్టరుగారూ."

అందరూ వంగి చూశారు. కుర్చీ కోడు కింద గుర్రం నలుగుతోంది, ఒక తోక బయటికి కనిపిస్తోంది. మాస్టారు ఒక్కడే వంగలేదు. ఆయన తన చొక్కా జేబు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, ఆ పట్టుకోవడంలోనే ఆయన దగ్గరా ఒక గుర్రముందని అందరికీ తెలిసిపోయింది. నవ్వడానికి ఇక ఎవరికీ ఓపిక లేదు. ఆల్బంలు సర్దుకుని ఒక్కొక్కరే లేచారు.

చివరికి బల్ల దగ్గర తోడల్లుళ్ళిద్దరే మిగిలారు.

"గొడుగాయనకి ఏమిచ్చారన్నయ్యా?" అని మెల్లగా అడిగాడు దర్జీ.

కండక్టరు ఏదో పెద్దది చెప్పబోయి ఆగిపోయాడు. "పెళ్ళిలో మామగారు చేతిలో పెట్టిన వెండి నాణెం. మీ వదినకి తెలీదు."

"నేనూ అదే ఇచ్చాను."

దర్జీ ఇరవయ్యేళ్ళుగా గొంతులో అడ్డుపడ్డ మాట బయటపెట్టాడు. "మామగారు మీకిచ్చిందే పెద్ద నాణెమని ఇన్నాళ్ళూ లోలోపల ఏడ్చాను."

"నాదా? నీదే పెద్దదని నేను ఏడుస్తున్నాను కదయ్యా. చిన్నల్లుడంటే మా నాన్నకి ప్రాణం అని మీ వదిన రోజూ అంటుంటే నాకు నిద్ర పట్టేదా? ఎప్పుడైనా చూపిస్తావేమో అని చూశాను. నువ్వు చూపించలేదు."

"మీరూ చూపించలేదు."

ఆ రెండు వెండి నాణేల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసే భాగ్యం ఇప్పుడు గొడుగాయన ఒక్కడికే దక్కింది. దర్జీకి ఆయన మోసం కంటే ఆ సంగతే ఎక్కువ మంటగా ఉంది.

కండక్టరు రాతి మీది గుర్రాలు రెండింటినీ దగ్గరికి జరిపాడు. ఒకదాన్ని చూశాడు, ఇంకోదాన్ని చూశాడు. గొంతులోకి మెల్లగా పాత సర్వీసు వచ్చింది.

"ఏదేమైనా తమ్ముడూ, నా గుర్రం తోక కాస్త పొడుగు."

"ఏ తోక?"

"రెండోది."

దర్జీ మెడలోంచి టేపు తీశాడు.